రెండో ముద్దాయి

తీగ ఊగుతున్న చప్పుడు ముందు విన్నది భాగీరథమ్మ. రాగి కోతకు దిగి ఇంకా రెండు సాళ్ళు కూడా కాలేదు. మంచుకు తడిసిన గడ్డి చేతిలోంచి జారుతుంటే కొడవలి పిడి కొంగుతో తుడుచుకుని మళ్ళీ వంగబోయింది. గోమాళం వైపు నుంచి ఆ చప్పుడు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. చెట్టుమీద ఆకు కదలడం లేదు. గాలి కాదు.

“ఇదో, కంచెలో ఏందో పడుండాది,” అంది మొగుడితో.

వెంకటగిరియప్ప కోసిన పనలు వరుసగా పరుస్తున్నాడు. “కుక్క పడుంటాది,” అన్నాడు తలెత్తకుండా. అన్నవాడే ముందు లేచి నడిచాడు.

యలహంక దాటి బస్సులో ముప్పావుగంట పోతే సింగేనకుంటె. ఊరికి ఉత్తరాన వాళ్ళ చేను, చేనుకు ఆనుకుని గోమాళం. అది ఊరి పశువులు మేసే సర్కారు బీడు. పోయిన వారమే ఇళ్ళ స్థలాలు వేసి అమ్మే లేఔటు వాళ్ళు దాని చుట్టూ రాతికూసాలు పాతి నాలుగు వరసల ముళ్ళతీగ లాగారు. ఎవరిని అడిగి లాగారో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. పశువుల కోసం ఒకచోట సందు మాత్రం వదిలారు.

కంచెలో చిక్కింది ఆడజింక. కింది తీగ అడుగునుంచి దూరబోయినట్టుంది. వెనక కాలు తొడ దగ్గర ముళ్ళలో మెలిపడి, తల మాత్రం అవతల గడ్డిలో ఉంది. అది అరవడం లేదు. కాలు ఒక్కసారి గుంజుతుంది, తీగ ఊగుతుంది, మళ్ళీ పడుకుంటుంది. అంత దూరాన మందంతా నిలబడి ఇటే చూస్తోంది. మెలి తిరిగిన కొమ్ముల నల్లపోతు ముందుకు వచ్చి నిలుచుంది కానీ పరుగెత్తలేదు.

భాగీరథమ్మ కొంగు తీసి దాని కళ్ళ మీద కప్పింది. గొర్రెలకు ఉన్ని కత్తిరించేటప్పుడు అలాగే కప్పుతారు. కళ్ళు మూస్తే పశువు నిమ్మళిస్తుంది. వెంకటగిరియప్ప తువ్వాలు చేతికి చుట్టుకుని, కొడవలి పిడిని తీగ కింద దూర్చి పైకెత్తి, ఒక్కొక్క ముల్లూ విడదీశాడు. ముల్లు ఊడినప్పుడల్లా చర్మం కింద వణుకు పరుగెత్తుతోంది. కాలు బయటికి వచ్చాక జింక లేచింది, రెండడుగులు వేసి కూలబడింది.

“ఇడ్సిపెడదామా?” అన్నాడతను.

“లేస్తే కదా. ఇట్లే ఇడ్సిపెడ్తే కుక్కలు తినేస్తాయి.”

“మందలోకి పోతాదేమో.”

కాసేపు చూశారు. జింక మళ్ళీ లేవబోయి పడింది. రక్తం గడ్డిమీద సన్నగా జారుతోంది.

“డాక్టరమ్మ కాడికి ఎత్తకపోదాం పట్టు,” అంది భాగీరథమ్మ.

టమోటా పెట్టెలతో పోతున్న టెంపోని రోడ్డుమీద ఆపారు. వెనక పెట్టెల మధ్య భాగీరథమ్మ కూర్చుని జింకను ఒళ్ళో పెట్టుకుంది. కొంగు దాని కళ్ళమీదే ఉంది. దాని గుండె ఆమె తొడకు తగులుతూ కొట్టుకుంటోంది. అంత వేగంగా కొట్టుకునే గుండెను ఆమె ఎన్నడూ తాకలేదు. దారిలో విమానాల బేసు దగ్గర ఒక విమానం నేలకు దగ్గరగా గర్జించుకుంటూ పోయింది. జింక ఒళ్ళంతా బిగుసుకుంది. ఆమె రెండు చేతులా అదిమి పట్టుకుని, “ఏం లేదు లే, ఏం లేదు,” అంటూనే ఉంది. ఇంకాస్త దూరం పోయాక గుండె నెమ్మదించింది.

“నిమ్మళించింది,” అంది ముందు కూర్చున్న మొగుడితో, అద్దం తట్టి.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు శశికళ వాళ్ళకు తెలిసిన మనిషే. అనంతపురం వైపు నుంచి వచ్చింది. వాళ్ళ ఆవు ఈనలేక నాలుగు గంటలు అవస్థ పడినప్పుడు బురదలో మోకాళ్ళమీద కూర్చుని దూడను బయటికి తీసింది. ఇప్పుడు జింకను చూడగానే ఆమె మొహం మారింది.

“ఇదెవరు తెమ్మన్నారమ్మా మిమ్మల్ని? దీన్ని ముట్టుకోకూడదు. ఫారెస్టుకి ఫోన్ చెయ్యాల,” అంటూనే ఇంజక్షను ఎక్కించింది. గాయం కడిగింది. చెవి దాని ఛాతీ మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంది. లేచి నిలబడి చేతి గ్లౌజులు విప్పింది.

“పోయింది,” అంది.

“కాలికే కదమ్మా దెబ్బ,” అన్నాడు వెంకటగిరియప్ప.

“దెబ్బ చిన్నదే. వీటిని పట్టుకుంటేనే భయానికి గుండె ఆగిపోతుంది. ఇంతసేపు మనిషి చేతిలో, ఆ టెంపోలో...” అని వాళ్ళ మొహాలు చూసి ఆగింది. “మీకేం తెలుసులే. పాపం, మంచికే తెచ్చారు.”

మంచికే అన్న మాట భాగీరథమ్మ చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. తొడమీద చీర ఇంకా వెచ్చగానే ఉంది. నిమ్మళించిందని తను అన్నప్పుడే పోతూ ఉందా అది?

ఫారెస్టు గార్డు రామాంజి గంటలో పై ఆఫీసరుతో కలిసి వచ్చాడు. బాగేపల్లి మనిషి, తెలుగే మాట్లాడాడు. పుస్తకం తెరిచి, పెన్ను మూత పళ్ళతో తీసి అడిగాడు.

“ఎవురు తెచ్చింది దీన్ని?”

“నేనే,” అన్నాడు వెంకటగిరియప్ప.

“ఎట్ల సచ్చిపోయింది?”

గచ్చుమీద గోనెపట్టా కప్పిన జింకను చూస్తూ నిలబడ్డాడు వెంకటగిరియప్ప.

“నేనే సంపినట్టుండాదప్పా,” అన్నాడు.

రామాంజి రాస్తున్న చెయ్యి ఆగింది. “ఏమంటివి?”

“నేను పట్టుకోకుంటే బతికేదంట.”

శశికళ అడ్డం వచ్చి ఏదో చెప్పబోయింది. కానీ అప్పటికే రామాంజి వెనక నిలబడ్డ పై ఆఫీసరు ఆ మాట రాసుకోమన్నాడు. మధ్యాహ్నానికి వెంకటగిరియప్పను జీపులో ఎక్కించారు. భాగీరథమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికి పొమ్మన్నారు. జీపు కదిలాక చూసుకుంటే మొగుడి చెప్పులు ఆసుపత్రి మెట్ల దగ్గరే ఉన్నాయి. అవి చేత్తో పట్టుకుని బస్సెక్కింది.

*

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా చేనుకు నడిచింది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. సగం కోసిన రాగి అలాగే ఉంది, పనలు అలాగే ఉన్నాయి. చేను గట్టెక్కి గోమాళం వైపు చూసి ఆగిపోయింది. కంచె లేదు.

తప్పుదారిన వచ్చానా అనుకుంది. వెనక్కి తిరిగి తమ చేను చూసింది, ముందుకు చూసింది. కూసాలు లేవు, తీగ లేదు. పొద్దున తాము మోకరించిన చోటు అని తను అనుకున్న చోటికి నడిచింది. గడ్డి నలిగి ఉంది. కాస్త దూరంలో నేల మెత్తగా తగిలింది. మట్టి పూడ్చి పైన పచ్చిగడ్డి పెళ్ళలు పరిచారు. కాలితో నొక్కితే లోపలికి దిగింది. ఇంకో చోట నొక్కింది. అక్కడా దిగింది. పొద్దున చూసింది నిజమేనని తనకు తనే చెప్పుకోవలసి రావడం ఆమెకు వింతగా ఉంది.

పక్క చేలో నంజమ్మ అనపకాయలు తెంపుతోంది. భాగీరథమ్మ కన్నా పదేళ్ళు పెద్దది. మొగుడు లేడు, మరిదితో కలిసి సేద్యం చేస్తుంది.

“అక్కా, కంచె యాడికి పోయింది?”

“యా కంచె?” అంది నంజమ్మ బుట్టలోకి చూస్తూ.

భాగీరథమ్మ అక్కడే నిలబడింది. నంజమ్మ ఇంకో నాలుగు కాయలు తెంపి, చెయ్యి ఆపకుండానే గొంతు తగ్గించింది.

“మద్యాన్నం ట్రాక్టరు వచ్చినట్టుండాది. నేను సూడలేదు. మా మరిది లేఔటోళ్ళకి మాటిచ్చుండాడు, నీకు తెలుసు కదా. నా నోట్లో నుంచి ఏమీ రాకూడదంట.”

“జింక సచ్చిపోయింది అక్కా. ఆయప్పని తీసకపోయినారు.”

నంజమ్మ చెయ్యి అప్పుడాగింది. బుట్టలోంచి కాయలు దోసెడు తీసి భాగీరథమ్మ చేతిలో పెట్టింది. ఆ కాయలను ఏం చెయ్యాలో తెలియక పట్టుకునే ఇంటికి వచ్చింది.

ఎద్దులకు నీళ్ళు పెడుతుండగా ఓబులేసు మోటారుసైకిలు వాకిట్లో ఆగింది. వెంకటగిరియప్ప చిన్నాయన కొడుకు. రెండేళ్ళుగా లేఔటు వాళ్ళ తరఫున ఊళ్ళో భూముల బేరాలు మాట్లాడుతున్నాడు. గడప దగ్గరే కూర్చుని, “నీళ్ళీ వొదినా,” అన్నాడు. తాగి చెంబు పక్కన పెట్టాడు.

“నేను ఫారెస్టు ఆఫీసుకి పోయొచ్చినా. అన్నని సూసినా. బాగుండాడు. టీ తాగినాడు.”

“ఎప్పుడు ఇడుస్తారంట?”

“నేను మాట్లాడినా వొదినా. రేపు మద్యాన్నానికి అన్న ఇంట్లో ఉంటాడు. నువ్వు పొద్దన్నే రావాల. జింక మెయిన్ రోడ్డుమింద లారీ తగిలి పడుండె, మేము దావలో సూసి, పాపమని ఎత్తకపోతిమి. ఇంతే సెప్పాల. సంతకం పెట్టాల. కేసే ఉండదు.”

“కంచెలో కదా పడింది.”

“కంచె యాడుండాది?” అన్నాడు ఓబులేసు. అతని గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. “కంచె అని నువ్వంటే ఎవురు కట్టినారు, యాల కట్టినారు, యాడ కట్టినారు, అంతా వస్తాది. అదంతా తిరిగి తిరిగి అన్న మిందికే వస్తాది. నేనే సంపినా అని నోటితో అనుండాడు. ఏడేండ్లు ఏస్తారంట, తెలుసా నీకు?”

ఏడేండ్లు అన్న మాట తర్వాత ఓబులేసు ఇంకా ఏమేమో చెప్పాడు. భాగీరథమ్మ తలూపింది. జింక ఎలాగూ పోయింది. లారీ అని రాస్తేనేం, కంచె అని రాస్తేనేం. కాగితంలో ఎలా రాస్తే మాత్రం అది లేచి వస్తుందా.

“సరే. వస్తాలే,” అంది.

*

ఆఫీసు వరండాలో బెంచీమీద కూర్చుని ఉన్నాడు వెంకటగిరియప్ప. గడ్డం ఒక్క రోజుకే తెల్లగా కనిపించింది. ఆమె చెప్పులు కింద పెడితే కాళ్ళు వాటిలోకి దూర్చుకుని, అవి తనవేనా అన్నట్టు చూశాడు. క్యారియరు విప్పి రాగిముద్ద, అనపగింజల చారు పెట్టింది. ఓబులేసు లోపల ఆఫీసరుతో మాట్లాడుతున్నాడు.

“నేను అట్ల అనకూడదా మే?” అన్నాడు ముద్ద తుంచుతూ.

“ఏమని?”

“నేనే సంపినా అని. ఓబులేసు తిడతాండె.”

“నువ్వు యాడ సంపినావు?”

“డాక్టరమ్మ సెప్పింది కదా. మనం ఇడ్సిపెట్టింటే?”

“కుక్కలు తినుండేవి.”

“తినకపోనూ వచ్చు. మందలోకి పోయుంటే? కుంటుకుంటానే బతికుంటే?”

భాగీరథమ్మ రాత్రంతా అదే ఆలోచించింది. “ఒళ్ళో పెట్టుకున్నది నేను. నిమ్మళించిందనుకుంటి,” అంది. చెప్పాక ఎదురుగా గోడమీద వేలాడుతున్న ఏనుగు బొమ్మ క్యాలెండరు కేసి చూసింది.

తుంచిన ముద్ద అతను నోట్లో పెట్టుకోలేదు. చారులో అలాగే ఉంచి, “ఇంటికి పోతే సాలు మే నాకు. కోత అట్లే ఉండాది,” అన్నాడు.

లోపలికి పిలిచారు. నిన్న రాసుకోమన్న ఆఫీసరే, యాభై ఏళ్ళ మనిషి. విసుగు ఉన్నా మొరటు మనిషి కాదు. వాళ్ళను కూర్చోమన్నాడు. కన్నడంలో టైపు కొట్టిన కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. భాగీరథమ్మ నాలుగో తరగతి దాకా కన్నడం చదివింది, వింటే అంతా అర్థమవుతుంది. ఫలానా తేదీ ఉదయం, మెయిన్ రోడ్డులో, గుర్తుతెలియని లారీ. ఆమె తలూపుతూ విన్నది. తర్వాత ఇంకో వాక్యం వచ్చింది.

“సింగేనకుంటె గోమాళంలో గానీ, చుట్టుపక్కల పొలాల్లో గానీ జింకల సంచారం లేదు. సదరు మృగం ఎక్కడినుంచో దారి తప్పి వచ్చినదని గ్రామస్థులు తెలిపారు.”

చదవడం అయిపోయింది. ఓబులేసు పెన్ను ఆమె చేతికిచ్చాడు.

“అదింకో తూరి సదవండి సార్,” అంది.

ఆయన మళ్ళీ చదివాడు.

“లేవని ఎవురు సెప్పినారు సార్?”

“అది సుమ్నే, ఉత్తినే రాసేది వొదినా. కాగితానికి ఉండాల కదా,” అన్నాడు ఓబులేసు.

బీరువా దగ్గర ఫైళ్ళు సర్దుతున్న రామాంజి వెనక్కి తిరగకుండా, తెలుగులో, ఎవరికీ చెప్పనట్టు అన్నాడు. “లేఔటోళ్ళ అర్జీలో కూడా అదే మాట ఉండాది. అక్షరం మారకుండా. జింకలుండే సోట ఇండ్ల సైట్లు ఏసేదానికి పర్మిషను రాదు.”

“రామాంజీ,” అన్నాడు ఆఫీసరు. రామాంజి ఫైళ్ళు మోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

భాగీరథమ్మకు నిన్నటినుంచి చిక్కుపడి ఉన్నది ఒక్కసారిగా విడిపోలేదు. పైగా ఇంకా చిక్కుపడింది. లారీ అనే అబద్ధం ఆడడానికి ఆమె సిద్ధపడే వచ్చింది. అది చచ్చిపోయిన జింక గురించి. ఈ వాక్యం బతికున్న జింకల గురించి. రోజూ కళ్ళతో చూసే మందను లేదనడం ఎలా? లేదని తను రాసిచ్చాక అవి చేలోకి వస్తే వాటిని ఏమనుకోవాలి? మొగుడికేసి చూసింది. అతను ఆమె చేతిలోని పెన్ను చూస్తున్నాడు.

“ఉండాయి సార్,” అంది.

“కాగితంలో లేవమ్మా,” అన్నాడు ఆఫీసరు ఓపికగా. “మా రికార్డులో మీ ఊరి పేరు పక్కన జింక అనే మాటే లేదు. ఎన్నడూ ఎవరూ రాయలేదు.”

“ఆ మాట తీసేస్తే సంతకం పెడతా.”

“తీసేస్తే ఇది చెల్లదు. అప్పుడు నిన్న మీ ఆయన చెప్పిందే మిగులుతుంది. ఇవ్వాళే కోర్టుకు పంపాల. జైలుకు పోవాల. ఆలోచించుకో.”

“సంతకం సెయ్యి మే,” అన్నాడు వెంకటగిరియప్ప మెల్లగా. “ఇంటికి పోదాం.”

ఆమె పెన్ను బల్లమీద పెట్టింది. అది దొర్లి కింద పడబోతే పట్టుకుని మళ్ళీ పెట్టింది.

“నాకేం తెలీదు సార్. ఇది తప్పో ఒప్పో కూడా తెలీదు. మా చేని పక్కన కంచెలో పడుండె. మేము తీస్తిమి. డాక్టరమ్మ కాడికి తీసకపోతిమి. మా చేతుల్లో సచ్చిపోయింది. అంతే రాయండి.”

“మీ ఆయన జైలుకు పోతాడంటే అర్థమవుతోందా నీకు?”

“అయితే నా పేరు కూడా రాయండి. ఎత్తింది ఇద్దరం. ఒళ్ళో పెట్టుకున్నది నేను. ఒగరి పేరే రాస్తే ఎట్ల?”

వెంకటగిరియప్ప నోరు తెరిచి భార్యను చూస్తున్నాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆమె అతని మాట కాదని పరాయి వాళ్ళ ముందు మాట్లాడడం అదే మొదలు. ఓబులేసు లేచి, “తలకాయ సెడిందా వొదినా నీకు,” అని బయటికి పోయాడు. మోటారుసైకిలు చప్పుడు దూరమైంది.

ఆఫీసరు కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకున్నాడు. టైపు కొట్టిన కాగితాన్ని మడిచి సొరుగులో వేశాడు. తెల్లకాగితం తీసుకున్నాడు.

“పేరు?”

“భాగీరథమ్మ.”

“భర్త పేరు?”

“అదో, పక్కనే ఉండాడు కదా సార్,” అంది. ఆయన రాసుకున్నాడు.

*

ఆమెను ఆ సాయంత్రమే సొంత పూచీ మీద వదిలారు. వెంకటగిరియప్పను మాత్రం జైలుకు పంపారు. కోర్టువాళ్ళు ఇచ్చిన లాయరు కుర్రతనం పోని మనిషి. వరండాలో నిలబెట్టి చెప్పాడు. భూమి ఉన్నవాళ్ళెవరైనా తమ భూమి కాగితం, అదే పహణీ, పెట్టి జామీను నిలబడితే ఆయన్ను బయటికి తేవచ్చు. మీ పహణీ కుదరదు, మీరు రెండో ముద్దాయి.

ఊళ్ళో ఎవరిని అడగాలో తెలియలేదు. బావి దగ్గరికి పోతే మాటలు ఆగిపోయాయి. మొగుణ్ణి తనే జైలుకు పంపిందని అనుకుంటున్నారని తెలుసు. కాదనడానికి కూడా లేదు. తనే పంపింది. ఒక్కతే చేలోకి దిగి రాగి కోసింది. రెండు సాళ్ళు కోసేసరికి తను ఎందుకు అలా చేసిందో గుర్తొచ్చేది. మూడో సాలుకు మళ్ళీ మరిచిపోయేది. ఎద్దులు ఆమె వెనక ఇంకెవరో రావాలన్నట్టు దారివైపు చూసేవి.

మూడోనాడు ఫారెస్టు వాళ్ళు స్థలం చూడడానికి వచ్చారు. ఈసారి సిటీ నుంచి ఇంకా పెద్ద ఆఫీసరు, ఒకామె, బూట్లేసుకుని మెడలో దుర్భిణి తగిలించుకుని వచ్చింది. వెంట రామాంజి. గోమాళం అంచున ఊరివాళ్ళు ఇరవైమంది దాకా చేరారు, ఓబులేసు కూడా ఉన్నాడు. భాగీరథమ్మ చోటు చూపించింది. రామాంజి కర్రతో నేల పొడిచాడు. కర్ర మూరెడు లోతు దిగింది. తొమ్మిదడుగుల దూరంలో మళ్ళీ పొడిచాడు. మళ్ళీ దిగింది. ఆఫీసరమ్మ రాసుకుంది.

“ఇక్కడ జింకలు ఉన్నాయా?” అని కన్నడంలో ఊరివాళ్ళను అడిగింది.

ఒకరు తువ్వాలు దులిపారు, ఇంకొకరు బీడీ ఆర్పారు.

“ఉంటే సెప్పరా మేడమ్,” అన్నాడు ఓబులేసు.

నంజమ్మ వెనకనుంచి వచ్చింది. చంకలో పెద్ద బుట్ట ఉంది. బుట్టలోంచి అనప తీగలు, మొదళ్ళ దాకా కొరికినవి, పిడికెడు పిడికెడు తీసి ఆఫీసరమ్మ బూట్ల ముందు వేసింది.

“ఇవి ఎవురు మేసినారో రాసుకోండి. నా ఎద్దులైతే కాదు,” అంది. ఆమె మరిది ఏదో అనబోయాడు. “నువ్వు మాటిచ్చినావు. నేనియ్యలేదు,” అంది అతనికేసి చూడకుండా.

పొద్దు వాలేదాకా అందరూ గట్టుమీద కూర్చున్నారు. పిల్లలు మొదట చూశారు. మంద తుప్పల మధ్య నుంచి ఒక్కొక్కటే బయటికి వచ్చింది. చిన్నవి ఉత్తపుణ్యానికి గాల్లోకి ఎగిరి దిగుతున్నాయి. ఆఫీసరమ్మ దుర్భిణితో లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. రెండుసార్లూ వేరువేరుగా వచ్చినట్టుంది, పెన్నుతో కాగితం మీద కొట్టుకుంటూ ఆగింది.

“మీకు తెలుసా ఎన్నో?” అని భాగీరథమ్మను అడిగింది.

“ముప్పై ఒకటి మేడమ్. మొన్నటిదంకా ముప్పై రెండు.”

ఆఫీసరమ్మ ఆమెను కాసేపు చూసి, ముప్పై ఒకటి అని రాసింది. వెళ్ళేటప్పుడు రామాంజి వెనకపడి అన్నాడు. “మీ ఊరు రికార్డులోకి ఎక్కిందమ్మా. మీ కేసు కాగితమే మొదటిది. ఇది తేలేదాకా ఈడ కూసం పాతేదానికి లేదు.” ఆమె తలూపింది. సంతోషించాలేమో అనిపించింది. మొగుడు జైల్లో ఏం తింటున్నాడో అని కూడా అనిపించింది.

మర్నాడు తెల్లవారి నంజమ్మ గడపలోకి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో చుట్టిన పహణీ ఆమె చేతిలో ఉంది.

“మా మరిదికి సెప్పలేదు. నేను సేసేది సరో కాదో తెలీదు. బస్సుకి టైమాయె, రా,” అంది.

*

వెంకటగిరియప్ప ఇంటికి వచ్చాడు. ఎద్దుల మెడలు నిమిరాడు, నాగలి మేడి చూశాడు, కోసిన రాగి కట్టలు లెక్క చూశాడు. సాయంత్రం చేలో, చివరి మడి కోస్తూ అన్నాడు.

“ఇంటికి పోదాం అంటి కదా మే నేను.”

“అంటివి.”

“మళ్ళ యాల అట్ల సెప్తివి?”

కొడవలి ఆపి ఆలోచించింది. ఊరు రికార్డులోకి ఎక్కిందని గోమాళంలో రామాంజి చెప్పిన మాట చెప్పచ్చు. కానీ ఆ గదిలో కూర్చున్నప్పుడు ఆమెకు అదేమీ తెలియదు.

“తెలీదు,” అంది. “లేవంటే ఎట్లనో అనిపించె.”

అతను ఇంకో పన కోశాడు. దాన్ని పక్కన పెట్టి, ఇంకొకటి కోశాడు. “జైల్లో ఒగాయప్ప అడిగినాడు, ఏం కేసని. జింకని సంపినా అంటే, కూర బాగుండెనా అన్నాడు,” అన్నాడు. భాగీరథమ్మకు నవ్వు వచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. అతను కూడా నవ్వబోయి ఆగాడు. “సంపినానో లేదో జడ్జి సెప్తాడంట మే. నాకే తెలీదు, ఆయప్పకెట్ల తెలుస్తాది?”

“సెప్పినప్పుడు ఇందాంలే,” అంది.

అప్పుడే మంద వచ్చింది. కంచె లేని గోమాళం మీదుగా నేరుగా, చేను గట్టు దిగి, నల్లపోతు ముందు, మిగతావి వెనక. రాగి మధ్య వేసిన, ఇంకా కోయని అనప సాళ్ళలోకి తలలు దించాయి.

వెంకటగిరియప్ప తటాలున లేచి నిలబడ్డాడు. బెయిలు కాగితంలో షరతు ఉంది. ముద్దాయిలిద్దరూ ఆ మృగాల దగ్గరికి పోరాదు. అవే మా దగ్గరికొస్తే అని అతను కోర్టు వరండాలో అడిగాడు. లాయరు కాగితాలు తిరగేసి తిరగేసి, మీరే దూరంగా పొండి అన్నాడు.

“పద మే,” అన్నాడు గొంతు తగ్గించి.

ఇద్దరూ కొడవళ్ళు తీసుకుని పది అడుగులు వెనక్కి నడిచారు. జింకలు పది అడుగులు ముందుకు వచ్చాయి. ఒక పిల్లజింక పనల వరసల మధ్య నిలబడి వాళ్ళకేసి చూసింది.

“అదిలించేదా?” అంది భాగీరథమ్మ.

“అదిలిస్తే దగ్గరికి పోయినట్టు అవుతాదేమో.”

“మేసేస్తాండాయి కదా.”

“ముద్దాయిలం మే. గమ్మునుండు.”

ఇంకాస్త వెనక్కి జరిగారు. మంద తీరిగ్గా మేస్తూ ముందుకు వస్తోంది. అది వచ్చినకొద్దీ ఇద్దరూ జరుగుతూ, గట్టు దాటి, పొద్దు కుంకేసరికి తమ చేను మొత్తం దానికి వదిలేసి నంజమ్మ చేలో నిలబడి ఉన్నారు.